సగం సారు

మా ఆయన్ని కాలేజీలో అందరూ సగం సారు అంటారు. ముఖాన కాదు, వెనకాల. ఆ సంగతి నాకు నేను పనిచేసే మందుల షాపులో తెలిసింది. ఓ సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు తలనొప్పి మాత్రల కోసం వచ్చి, ఇవాళ సగం సారు బుర్ర తినేశాడని చెప్పుకుంటున్నారు. ఎవరయ్యా ఆయన అని అడిగాను. లెక్కల సారట. ఒకేలా ఉండాల్సిన రెండు అంకెలు వేరువేరుగా వచ్చాయని చూపిస్తే చాలు, రెండూ కలిపి సగం చెయ్యమంటాడట. ఇంకెవరు, సాక్షాత్తూ మా ఆయనే. పొద్దుటి నుంచీ ఆయనతోనే ఉన్నారా పాపం అని జాలిపడి మాత్రలిచ్చి పంపించాను. నేనెవరో మాత్రం చెప్పలేదు.

ఇంట్లోనూ ఆయన పద్ధతి అదే. నాకు కిటికీ తెరిచి ఉండాలి, ఆయనకు మూసి ఉండాలి. పెళ్లయిన కొత్తలోనే, సగం తెరిచి ఉంచుదామని తీర్పు చెప్పేశారు. ఆ తీర్పు వల్ల గాలి సరిగ్గా రాదు గానీ వాన మాత్రం నిక్షేపంగా లోపలికి వస్తుంది. నేను ఒంటికాలి మీద లేస్తే, నీ కోపం నా కోపం కలిపి సగం చేస్తే అదేం పెద్ద కోపం కాదులే అనేవారు. ఆయనకు కోపమన్నదే లేదు కాబట్టి ఆ లెక్కలో నష్టపోయేది ఎప్పుడూ నేనే. ఇక మనిషి సంగతంటారా, సౌష్ఠవం గురించి రోజంతా పాఠాలు చెప్పి, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, ఒక పక్క అంచు పైకి ఒక పక్క కిందికి వేలాడుతుంటే బస్సు దిగి వచ్చేవారు. వీధి మలుపులో పాల దుకాణం ఆమె కూడా ఆపి చెప్పేది. ఆయన థాంక్స్ చెప్పి అలాగే నడిచి వచ్చేసేవారు.

ఆయన జీవితమంతా పట్టుకు వేలాడింది ఒకే విషయం, మాత్రికా బహుపదులు. పేరు విని భయపడకండి, నేనూ మొదట్లో భయపడ్డాను. మాత్రిక అంటే అడ్డంగా, నిలువుగా పేర్చిన అంకెల పట్టిక. బళ్లో చదువుకున్న బహుపదిలో ఎక్స్ పక్కన ఒక అంకె ఉంటుంది చూడండి, ఆ అంకె ఉండాల్సిన చోట ఒక్కో పట్టిక పెడితే అది మాత్రికా బహుపది. యంత్రం ఎలా అదురుతుందో చెప్పాలంటే అదే కావాలట. యంత్రం బరువుకు ఒక పట్టిక, లోపలి రాపిడికి ఒకటి, బిగువుకు ఒకటి. ఆ బహుపదికి మూలాలు కనుక్కుంటే, యంత్రం ఏ వేగం దగ్గర గుయ్యిమంటుందో, ఏ వేగం దగ్గర బోల్టులు ఊడగొట్టుకుంటుందో ముందే తెలిసిపోతుంది. ఇంత మటుకు నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్ల కాపురం పట్టింది.

ఆ పట్టికలకు ఒక అందం ఉంది. కాలేజీ సెల్లార్‌లో, పాత బెంచీలు పడేసే గదికి పక్కన, మంచమంత ఉక్కు చట్రం ఒకటి ఉంది. దాని ఈ మూల రబ్బరు సుత్తితో కొట్టి, ఆ మూల ఎంత అదిరిందో కొలవండి. తర్వాత ఆ మూల కొట్టి ఈ మూల కొలవండి. రెండూ ఒకటే వస్తాయి. అందుకే పట్టికలో మూల నుంచి మూలకు పోయే కర్ణానికి ఇటు పక్కనున్న అంకే అటు పక్కనా ఉంటుంది. దాన్నే సౌష్ఠవం అంటారు. ఈ ముక్క నాకు భలే నచ్చింది. నేను దెప్పితే ఆయనకు ఎంత తగులుతుందో, ఆయన దెప్పితే నాకూ అంతే తగలాలన్నమాట. మా ఇంట్లో ఈ నియమం ఏనాడూ పనిచేయలేదు గానీ చట్రంలో పనిచేస్తుంది.

కొలతలన్నాక కాస్త అటూ ఇటూ అవుతాయి. సుత్తి దెబ్బ ఒకసారి గట్టిగా పడుతుంది, ఒకసారి మెత్తగా. బయట రోడ్డు మీద లారీ వెళ్తుంది. ఒక చోట నలభై, రెండో చోట నలభై రెండు వచ్చిందనుకోండి, రెండూ కలిపి సగం చేసి, నలభై ఒకటి అని రెండు చోట్లా రాసుకుంటారు. ఇది మా ఆయన సొంతంగా కనిపెట్టింది కాదు, ఆ పనిలో ఉన్నవాళ్లందరూ చేసేదే. కాకపోతే ఆయనలాగా దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగినవాళ్లు లేరు.

చట్రంలో చక్రం తిరుగుతుంటే మాత్రం ఈ అందం చెడుతుందని పుస్తకాల్లో ఉంది. తిరిగే చక్రం అదురును ఒక పక్కకు తోస్తుంది, అందుకని ఇటు కొడితే ఒకటి, అటు కొడితే ఇంకొకటి వస్తాయి. అక్కడే మా ఆయన ఒక మాట చెప్పారు. ఒక ప్రత్యేకమైన పద్ధతిలో బిగించిన చట్రాలు ఆ తేడాను మింగేస్తాయి, చక్రం ఎంత తిరిగినా పట్టిక సౌష్ఠవం చెదరదు అన్నారు. పదేళ్లకు పైగా ఆ ఒక్క మాటకు రుజువు కోసం కూర్చున్నారు. రుజువు ఒక పత్రికలో అచ్చయింది. ప్రపంచం తలకిందులేమీ కాలేదు, ఇద్దరో ముగ్గురో చదివి ఉంటారు. కానీ ఆయన ఆ నెలంతా నేల మీద నడవలేదు. పిల్లలు లేని ఇంట్లో ఆ నియమమే పిల్లాడైపోయింది. నేనూ దాన్ని అలాగే చూసుకున్నాను, దాచడమెందుకు.

ఆ నియమాన్ని చట్రం మీద కొలిచి చూపించడానికి ఒక పరిశోధక విద్యార్థిని చేరింది. సన్నగా, పొట్టిగా, కుర్చీ అంచున కూర్చుని చటుక్కున ఎగిరిపోయేలా ఉండేది. నేను పిచ్చుక అని పిలిచేదాన్ని, ఆ పిల్ల నవ్వేది. నాన్న లేడు, తల్లి ఆస్పత్రిలో ఆయా. పొద్దున సెల్లార్‌లోకి దిగితే సాయంత్రం దాకా సుత్తితో కొట్టడం, కొలవడం, మళ్లీ కొట్టడం. చెయ్యి వాచిపోతే నా షాపుకు వచ్చి ఆయింట్‌మెంట్ అడిగేది. మా ఆయన ఆ ఏడాది చివర రిటైరవుతారు, ఆలోగా ఆమె డిగ్రీ అయిపోవాలి, ఎందుకంటే ఆయన తర్వాత ఆ విషయం చూసేవాళ్లు కాలేజీలో ఎవరూ లేరు. పెద్ద పరిశోధన సంస్థలో ఆమెకు ఉద్యోగం ఖాయమైంది, డిగ్రీ చేతికొస్తేనే అన్న షరతుతో. థీసిస్ ఇచ్చేసింది. మౌఖిక పరీక్షకు తేదీ కూడా పడింది. బయటి పరీక్షకురాలు, ఇంకొక్క విడత కొలతలు చేర్చమని మాత్రం కబురు పంపింది.

ఈలోగా చట్రంలో చక్రం తిప్పే మోటారు కాలిపోయింది. ఎలక్ట్రీషియన్ దాన్ని పట్టుకెళ్లి బాగు చేయించి తెచ్చి బిగించాడు. బిగించేటప్పుడు రెండు వైర్లు అటుది ఇటు, ఇటుది అటు కలిపేశాడు. దాంతో చక్రం వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. పిచ్చుక అది గమనించకుండానే రోజంతా కొలిచింది. సాయంత్రం కాగితాలు ముందేసుకుని చూసుకుంటే, ఇటు కొలతకూ అటు కొలతకూ మధ్య ఎప్పుడూ ఉండే ఆ చిన్న తేడా ఈసారీ ఉంది. అంతే ఉంది. కానీ పెద్దగా ఉండే వైపు చిన్నదైంది, చిన్నగా ఉండే వైపు పెద్దదైంది.

కాగితాలు పట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చింది. నేను టీ పెడుతున్నాను. ఆ పిల్ల కాగితాలు ఆయన ముందు పెట్టింది. ఆయన చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. కొలతలో పొరపాటైతే ఒకసారి ఇటు, ఒకసారి అటు వస్తుంది. చక్రం ఎటు తిరిగితే అటు మారే తేడా పొరపాటు ఎలా అవుతుంది? అది చక్రం పనే. చట్రం ఏమీ మింగలేదు. ఇన్నేళ్లూ ఆ తేడా అక్కడే ఉంది, దాన్ని సగం చేసి చేసి చంపింది వీళ్లు. సగం చేసిన పట్టిక సౌష్ఠవంగా ఉండక ఇంకెలా ఉంటుంది?

ఆ పిల్ల తలొంచుకుని, "సార్, సగం చేసేస్తే ఇది కూడా పోతుంది," అంది.

"పోతుందమ్మా," అన్నారు ఆయన. టీ తాగారు. పిల్లను బస్టాప్ దాకా దింపి వచ్చారు.

ఆ తర్వాత ఆయన కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగారు. తన రుజువును తనే దొంగను పట్టుకున్నట్టు వరస వరసా సోదా చేశారు. చివరికి దొరికింది. మధ్యలో ఒక చోట, మిగిలిన భాగం సున్నా అవుతుంది అని రాశారు. ఎందుకవుతుందో రాయలేదు. అప్పటికే తను తీసి సగం చేసుకున్న కొలతల్లో అవుతోంది కదా అన్న ధైర్యంతో రాసేశారు.

నేను ఊరుకోలేదు. ముందు ఆ పిల్లకు డిగ్రీ రానివ్వండి, రిటైరయ్యాక తీరిగ్గా తప్పని రాసి అచ్చేసుకోండి, ఎవరొద్దన్నారు అన్నాను. ఇందులో ఆ పిల్ల చేసిన పాపమేమిటి, ఆస్పత్రిలో మంచాలు తుడిచే తల్లికి ఏం సమాధానం చెప్తారు అని కడిగేశాను. నా మాటలో తప్పుందని ఇప్పటికీ అనుకోను. ఆయన అంతా విని, అప్పటిదాకా నాకు తెలియని సంగతి ఒకటి చెప్పారు. చేరిన కొత్తలోనే ఆ పిల్ల ఒకసారి వచ్చి, సార్, ఈ తేడా ఎప్పుడూ ఒకే వైపుకు వస్తోంది, ఇది పొరపాటులా లేదు అందట. ఈయన తలెత్తి కూడా చూడకుండా, చిన్న తేడానే కదా, సగం చెయ్యి అన్నారట.

"తను ఉన్నదాన్ని చూసింది. లేదని నేను రాయించాను," అన్నారు. "ఆ అబద్ధం మీద డిగ్రీ ఎలా ఇప్పించను చెప్పు?"

నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. కోపం మాత్రం తగ్గలేదు.

మర్నాడు ఆయన థీసిస్ వెనక్కి తీసుకున్నారు. విభాగం పెద్ద తల పట్టుకున్నాడు. ఇన్నాళ్లు లేని సత్యసంధత ఇప్పుడే గుర్తొచ్చిందా, పిల్ల జీవితంతో ఆటలాడుతున్నావా అని నలుగురిలో అన్నాడు. మా ఆయన బెల్లం కొట్టిన రాయిలా నిలబడి, పరీక్ష తేదీని టర్ము చివరికి మార్పించుకుని వచ్చారు. సంస్థవాళ్లు కూడా అప్పటిదాకా ఆగుతామన్నారు, ఒక్క రోజు దాటినా వేరేవాళ్లను తీసుకుంటామని చెప్పేశారు. పిచ్చుక మళ్లీ సెల్లార్‌లోకి దిగింది. ఈసారి చక్రాన్ని ముందుకు తిప్పి, వెనక్కి తిప్పి, వేగం పెంచి తగ్గించి కొలిచింది. ఏదీ సగం చేయలేదు. అప్పుడు తేలిందేమిటంటే, ఇటు కొట్టి అటు కొలిచి, తర్వాత అటు కొట్టి ఇటు కొలిచేటప్పుడు చక్రాన్ని కూడా తిరగదిప్పితే, రెండూ అచ్చంగా ఒకటే వస్తున్నాయి. సౌష్ఠవం ఎక్కడికీ పోలేదు, చోటు మార్చుకుని కూర్చుంది. ఇలా జరుగుతుందని పెద్ద పుస్తకాల్లో ఉందట గానీ, ఈ రకం చట్రాల్లో ఎంత వేగం దగ్గర ఎంత తేడా వస్తుందో కొలిచినవాళ్లు మాత్రం అంతకుముందు లేరట. ఆ అంకెలు చూసినప్పుడు మా ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. తన ఇల్లు కూలిపోయిన చోటే ఆ పిల్ల ఇల్లు కడుతోందన్న దిగులు ఆయన మొహంలో వెతికాను, కనబడలేదు. నాకే ఉంది ఆ దిగులు.

మూడో అధ్యాయం దగ్గర బండి ఆగింది. ఆ పిల్ల రాసి తెచ్చింది, ఆయన ముందు గదిలో కూర్చుని చదివారు. అందులో ఆయన నియమం గురించి, అది కొన్ని పరిస్థితుల్లో వర్తించదు అని ఉంది. ఆయన ఆ వాక్యం కింద గీత గీసి, తప్పు అని రాయమన్నారు. ఆ పిల్ల రాయనంది. ఇన్నేళ్లలో సారు మాట కాదనడం అదే మొదటిసారి అనుకుంటా.

"నా చేత్తో నేను రాయలేను సార్. మీరు ఏమన్నా అనుకోండి."

"సరే. ఏ పరిస్థితుల్లో వర్తిస్తుందని పరీక్షలో అడుగుతారు. ఒక్కటి చెప్పు," అన్నారు ఆయన.

ఆ పిల్ల కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పింది.

"ఒక్కటైనా ఉందా?"

"చక్రం ఆగిపోతే తప్ప లేదు సార్."

"ఆగిపోయిన చక్రానికి నా నియమం ఎందుకమ్మా? రాయి."

ఆ పిల్ల ఏడుస్తూ రాసింది. ఆయన తువ్వాలు తెచ్చిచ్చి, పైకి చదవమన్నారు. చదివింది. ఫలానా నియమం తప్పు, కారణం ఇది అని. ఆయన తల ఊపి, ఇప్పుడు బాగుంది అన్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నాను. పదేళ్ల పాటు మా ఇంట్లో ఇద్దరితో పాటు మూడో మనిషిలా మసలిన దాన్ని ఆయన తన చేతులతోనే సాగనంపుతున్నారు. ఆ పూట ఆయనంటే నాకు కోపమూ, ప్రేమా రెండూ పొంగుకొచ్చాయి. ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయాను.

మౌఖిక పరీక్ష రోజున షాపుకు సెలవు పెట్టి నేనూ వెళ్లాను. ఎవరైనా వెళ్లి వెనక కూర్చోవచ్చు. పొడవాటి గది, నల్లబల్ల, ముందు వరుసలో కాలేజీవాళ్లు, పక్కన విభాగం పెద్ద, ఆ పక్కన మా ఆయన. పిచ్చుక తల్లి ఆస్పత్రి యూనిఫాం మీదే వచ్చి నా పక్కన కూర్చుంది. అక్కడ ఏం మాట్లాడుకుంటున్నారో ఆమెకు అర్థం కాదు, కూతురు నిలబడిన తీరు చూస్తూ కూర్చుంది. పరీక్షకురాలిది నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. ఆ పిల్ల గడగడా చెప్పింది. పట్టికలు, మూలాలు, చక్రం తిరగదిప్పడం, అన్నీ. ఒక్క ప్రశ్నకూ తడబడలేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు పరీక్షకురాలు థీసిస్‌లో ఒక పేజీ తీసి వేలు పెట్టింది.

"నియమం మీ సారుది. చట్రం మీ సారుది. ఈ తేడా అసలైనదని మా సారూ నేనూ కలిసి గమనించాం అని మీరే రాశారు. మరి ఇందులో మీదేముందమ్మా?"

ఆ ఒక్క ప్రశ్న మీదే డిగ్రీ నిలబడి ఉందని అర్థం కావడానికి లెక్కలు రానక్కర్లేదు. కలిసి గమనించాం అన్న ఆ మాట ఎప్పుడు చేర్చిందో మా ఆయనకు కూడా తెలియదని ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపులోనే తెలిసిపోయింది. ఆ పిల్ల నోరు విప్పలేదు. నేనే చూశాను అని ఒక్క మాటంటే చాలు. కానీ ఆ మాట వెనకే, చెప్తే మా సారు వినలేదు అన్నది కూడా వస్తుంది. తప్పు అన్న మాట ఒకసారి ఏడుస్తూ రాసింది, ఇంతమంది ముందు సారు చేసిన రెండో తప్పు చెప్పదు. చెప్పవే తల్లీ అని నా మనసు గింజుకుంటోంది. నా పక్కన ఆ తల్లి, ఏమైందండీ అని నా చెయ్యి పట్టుకుంది. పరీక్షకురాలు ఇంకాసేపు చూసి, పెన్ను మూత పెట్టింది.

మా ఆయన లేచారు. గైడు మాట్లాడకూడదని విభాగం పెద్ద ఆయన చొక్కా పట్టుకుని లాగాడు. ఆయన కూర్చోలేదు.

"ఆ వాక్యం నిజం కాదండీ," అన్నారు. "కలిసి చూడలేదు. తనొక్కతే చూసింది, చేరిన కొత్తలోనే. వచ్చి నాతో చెప్పింది. నేను తలెత్తి చూడకుండా కొట్టిపారెయ్యమన్నాను. నేను వినుంటే ఈ అమ్మాయి ఎప్పుడో డాక్టరయ్యేది."

పరీక్షకురాలు ఆ పిల్లను చూసి, నిజమేనా అని అడిగింది. పిల్ల మా ఆయన వైపు చూసింది. ఆయన చెప్పు అన్నట్టు తల ఊపారు. నిజమేనండీ అన్న మాట వెనక వరుసలో నాకు సరిగ్గా వినబడను కూడా లేదు.

ఆ ఒక్క వాక్యం దిద్దిస్తే సంతకం పెడతానంది పరీక్షకురాలు. తన పెన్ను మూత తీసి ఆ పిల్ల చేతికిచ్చింది. పిల్ల బల్ల మీదకు వంగి, మా సారూ నేనూ కలిసి గమనించాం అన్నదాన్ని కొట్టేసి, పైన నేను గమనించాను అని రాసింది. మా ఆయన ఆమె రాయడం పూర్తయ్యేదాకా నిలబడే ఉన్నారు.